రెండేళ్లు తక్కువైన కిటికీ

ఆ వేసవంతా మేము గోనెపట్టాల వెనక కాపురం చేశాం. నెత్తిన కప్పు లేదు, ముందు గదిలో వెలుతురు లేదు. మా ఇల్లు చాలా పాతదని సర్కారువాళ్లు గుర్తించినందుకు మాకు దక్కిన మర్యాద అది.

మా వీధిని రక్షిత వీధి అని ప్రకటించి అప్పటికి కొన్నేళ్లయింది. ప్రకటించిన రోజున వీధి మొదట్లో ఒక రాతి పలక పాతారు, దాని పక్కన నిలబడి ఫొటోలు దిగారు, వెళ్లిపోయారు. ఆ పలకకు అర్థమేమిటో మాకు తరవాత మెల్లగా తెలిసొచ్చింది. ఇంటి ముందు గోడకు మేకు కొట్టాలన్నా అడగాలి. రంగు మార్చాలన్నా అడగాలి. పెంకులు పగిలితే మళ్లీ అదే రకం మట్టి పెంకులు వెయ్యాలి తప్ప రేకుల జోలికి పోకూడదు. ఎదురింటి పాలాయన తెలియక రేకులు వేయిస్తే, రక్షిత వీధుల ఆఫీసువాళ్లు వచ్చి దగ్గరుండి పీకించారు. పోనీ పెంకులే వేద్దామంటే ఆ రకం కాల్చే బట్టీలు ఎప్పుడో మూతపడ్డాయి. ఎక్కడో ఒకరిద్దరు ఇంకా చేస్తారట గానీ, వాళ్లు చెప్పే ధర వింటే ఆకాశం కింద పడుకోవడమే నయమనిపిస్తుంది.

మా ఇల్లు వానొస్తే కురిసేది. వెనక గదిలో మరీను. వంటింట్లో ఉండాల్సిన గిన్నెలన్నీ ఆ గది నేల మీదే ఉండేవి. వాన ఎటునుంచి కొడుతోందో చూసుకుని మా అత్తయ్య మంచాన్ని ఆ మూలకూ ఈ మూలకూ జరిపేవాళ్లం. మా ఆయన బస్సుల డిపోలో మెకానిక్కు. "ఊళ్లో బస్సులన్నిటికీ టాపులు అతుకుతావు, కన్నతల్లి నెత్తిన నాలుగు పెంకులు వెయ్యలేవు" అని అత్తయ్య దెప్పేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. నవ్వడం తప్ప చెయ్యగలిగింది లేదు మరి.

నేను రఫ్ఫు పని చేస్తాను. బట్ట చిరిగినచోట, నిప్పురవ్వ పడి కాలినచోట, ఎలుక కొట్టినచోట అదే రంగు దారం వెతికి, నిలువూ అడ్డం అల్లి, అక్కడ చిరుగుండేదన్న ఆనవాలు లేకుండా చెయ్యడం. ఈ పనికి సూదికంటే ముందు కావలసింది పగటి వెలుతురు. బల్బు కింద నలుపూ ముదురు నీలమూ ఒక్కలాగే కనబడతాయి. బయట ఎండలోకి వెళ్లాక గానీ అసలు రంగు బయటపడదు.

మా ముందు గదికి వీధి వైపు ఒక కిటికీ ఉంది. పెద్దదేం కాదు. రెండు చెక్క రెక్కలు, నాలుగు ఊచలు, ఓ గడియ. పొద్దున్నుంచి మధ్యాహ్నం వాలేదాకా ఆ కిటికీ పక్క కుర్చీలో మంచి వెలుతురు పడుతుంది. ఆ కుర్చీ నాకంటే ముందు అత్తయ్యది. నాకు పని నేర్పిందీ ఆవిడే. చూపు మందగించాక ఒకరోజు ఉన్నట్టుండి లేచి, "కూర్చో అమ్మాయ్, ఇక నీదే" అంది. బీరువా తాళాలు ఈనాటికీ నా చేతికి రాలేదు గానీ కుర్చీ మాత్రం ఆ రోజే వచ్చింది.

ఆ ఏడు కొత్తగా గ్రాంటు మొదలుపెట్టారు. పాత పద్ధతిలోనే బాగు చేసుకునేవాళ్లకు ఖర్చులో పెద్ద భాగం ఆఫీసువాళ్లే ఇస్తారట. మా ఆయన అర్జీ పెట్టాడు. కొన్నాళ్లకు ఆఫీసునుంచి ఒకాయన వచ్చాడు. నెమ్మదస్తుడు. చొక్కా జేబులో ఎప్పుడూ కొలత టేపు ఉండేది. మాట్లాడుతూ మాట్లాడుతూనే ద్వారబంధాన్నో, గోడ మందాన్నో కొలిచేవాడు. ఊరికే నిలబడాల్సొస్తే గుమ్మం పక్కనున్న మా చెప్పుల స్టాండునైనా కొలిచేవాడు. మేమాయనకు కొలతలాయన అని పేరు పెట్టుకున్నాం.

"ఇల్లు ఎప్పటిదో చూపించే ఆధారం ఏమైనా ఉందా అమ్మా?" అని అడిగాడు అత్తయ్యను. "నూరేళ్లు దాటిందని తేలితే మొదటి తరగతి కింద వేస్తారు. మొదటి తరగతి ఇళ్లకు ముందు గోడతోపాటు పైకప్పుకీ ఇస్తారు."

మొదటి తరగతి అన్న మాట వినగానే అత్తయ్య మొహం వెలిగిపోయింది. బడికి నాలుగేళ్లకు మించి వెళ్లని మనిషి, ఇన్నాళ్లకు పాసయినట్టు లేచి లోపలికి వెళ్లింది. గోడ మీది ఫొటో దింపి, కొంగుతో తుడిచి తెచ్చింది. మా మామగారి తాత, ఇంటి ముందు కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్న ఫొటో అది. పక్కన ఆయన భార్య, వెనక వరసగా పిల్లలు.

"చూడు నాయనా, మీసాలాయన పెద్దతాత. ఈ చివర ముక్కు తుడుచుకుంటున్నవాడు మా మామగారు."

కొలతలాయన ఫొటోను పట్టుకుని వీధిలోకి వెళ్లాడు. కాసేపు ఫొటోను, కాసేపు ఇంటిని చూశాడు. మళ్లీ ఫొటోను చూశాడు. లోపలికొచ్చి, "అమ్మా, ఈ కిటికీ ఫొటోలో లేదే" అన్నాడు.

అందరం వంగి చూశాం. నిజమే. పెద్దతాత కుర్చీకి ఎడం పక్కన బోసి గోడ. నేను కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఫొటోను రోజూ చూస్తున్నాను. అత్తయ్య అంతకంటే ఎక్కువ చూసింది. మేమిద్దరం అందులో మనుషుల్నే చూశాం. ఆయన గోడను చూశాడు.

అత్తయ్య కంగారు పడకపోగా నవ్వింది. తనకిష్టమైన కథ చెప్పుకునే అవకాశం వచ్చింది కదా మరి. "ఎలా ఉంటుంది నాయనా? అది మా ఆయన కొట్టిన కిటికీ" అంది.

ఆ కథ తెలియనివాళ్లు మా వీధిలో లేరు. గ్యాసు బండ తెచ్చే అతనికి కూడా వచ్చు. మా పాపకైతే అత్తయ్య ఒక్క మాట వదిలేసినా అందించేంతగా వచ్చు. కాపురానికొచ్చిన కొత్తలో ముందు గది చీకటి కొట్టులా ఉండేదట. రఫ్ఫు పనికి వెలుతురు కావాలని అత్తయ్య గడప మీద కూర్చునేదట. లోపలికొచ్చేవాళ్లూ బయటికెళ్లేవాళ్లూ ఆవిణ్ణి దాటుకుంటూ తిరిగేవాళ్లు. కోడలు వీధిన పడి కూర్చుంటోందని ఆవిడ మామగారు రోజూ సణిగేవాడు. అలా కొన్నేళ్లు గడిచాయి. పోయిన మా మామగారు రెండు మాటలకు మించి మాట్లాడే మనిషి కాదు. ఆయన ఇదంతా చూస్తూ ఊరుకున్నాడు.

"ఆ ఏడు పాత వంతెన వరదకు కొట్టుకుపోయింది చూడు, ఆ ఏడే. మా మామగారు పక్కూరికి వెళ్లి, వంతెన లేక అక్కడే ఉండిపోయాడు. మా ఆయన ఎక్కడినుంచో గునపం తెచ్చాడు. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రానికి గోడకు కన్నం, ఇంటినిండా దుమ్ము, ఈయన ఒళ్లంతా సున్నం..."

"కనుబొమల మీద కూడా" అంది పాప.

"కనుబొమల మీద కూడా. నా వైపు చూసి, 'ఇక లోపల కూర్చో' అన్నాడు. అంతే. పెళ్లయ్యాక ఆయన నాతో అన్న పెద్ద మాట అదే. మా మామగారు తిరిగొచ్చి చూసి, చాన్నాళ్లు కొడుకుతో మాట్లాడలేదు."

కొలతలాయన రాసుకుంటున్నవాడు కాస్తా ఆగాడు. పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు కథ నచ్చిందనుకున్నాను.

ఎండలు ముదిరేసరికి మొదటి విడత వచ్చింది. మేస్త్రి వచ్చాడు. పెంకులన్నీ దింపి, బాగున్నవాటిని ఏరి పెరట్లో పేర్చాడు. మాకున్న పెరడు నాలుగడుగుల సందు. అది కాస్తా పెంకులతో నిండిపోయింది. కప్పు మీద టార్పాలిన్ కప్పారు. ఇంటి ముందు కర్రలతో పరంజా కట్టారు. పాత గోడకు సిమెంటు తగలకూడదు, సున్నపు గారే వెయ్యాలి. సున్నపు గార ఎండకు గబుక్కున ఆరితే పగుళ్లిస్తుంది. అందుకని ముందు గోడ మొత్తానికి గోనెపట్టాలు వేలాడదీసి, పూటపూటా నీళ్లు చల్లేవాళ్లు. కిటికీ కూడా ఆ పట్టాల వెనకే పడింది. పట్టపగలు బల్బు వేసుకుని, తడి గోనెల కంపు పీలుస్తూ కూర్చున్నాం. పైన టార్పాలిన్ వేడి, ముందు తడి. కొన్నాళ్లే కదా అని సర్దుకున్నాం.

కప్పు పూర్తిగా ఊడదీశాక కొలతలాయన మళ్లీ వచ్చాడు. టీ ఇస్తే వద్దన్నాడు. ఎప్పుడూ వద్దనే మనిషి కాదు.

"ఒక షరతుంది. ముందు భాగం అసలు ఎలా ఉండేదో అలాగే ఉండాలి. తరవాత పెట్టినవి తీసెయ్యాలి. యాభై ఏళ్లు దాటినవైతే ఫరవాలేదు. అవి కూడా ఇంటి చరిత్రలో భాగమే అంటారు. యాభై లోపువైతే చేర్పులు అంటారు" అన్నాడు.

"మా కిటికీ?" అన్నాను.

"వంతెన కొట్టుకుపోయి నలభై ఎనిమిదేళ్లమ్మా."

కిటికీకి రెండేళ్లు తక్కువయ్యాయి. వయసు చాల్లేదని మా ఇంట్లో ఇబ్బంది పడ్డది అదొక్కటే. మిగతావన్నీ, ఫ్యానుతో సహా, వయసు మీరినవే.

"అయితే ఆ రెండేళ్లు ఆగుతాం" అన్నాడు మా ఆయన.

"రెండో విడత ఈ వానల్లోపే అండి. కప్పు వెయ్యడానికి డబ్బు అందులోంచే రావాలి. పని మధ్యలో ఆపితే మొదటి విడత కూడా వెనక్కి కట్టమంటారు."

మా ఆయన తలెత్తి టార్పాలిన్ వంక చూశాడు. నేనూ చూశాను. ముందుకు పోతే కిటికీ పోతుంది. వెనక్కి పోదామంటే పైన కప్పే లేదు. బోనులో పడ్డ ఎలుకకు కనీసం వచ్చిన దారి కనిపిస్తుంది, మాకు అదీ లేదు.

కొలతలాయన లేచి గోడ వైపు తిరిగాడు. గోడకే చెబుతున్నట్టు చెప్పాడు. "నేనింకా కాగితం మీద కిటికీ గురించి ఏమీ రాయలేదు. కమిటీ వచ్చి చూస్తుంది. ఇంట్లో పెద్దవాళ్లను అడుగుతారు. కాపురానికొచ్చేటప్పటికే కిటికీ ఉందని పెద్దవాళ్లు చెబితే, అది పాతదాని కిందే లెక్క. అమ్మగారు వచ్చి యాభై దాటింది కదా. లేదూ, తరవాత పెట్టిందని చెబితే మూయించాలి." ఇదంతా మళ్లీ ఇంకొంచెం నెమ్మదిగా చెప్పాడు. "నేనెవర్నీ ఏమీ చెప్పమనడం లేదు. నిబంధన ఏమిటో చెబుతున్నానంతే."

అనకుండానే ఎంత చక్కగా అన్నాడో! పోతూ పోతూ, అప్పటికే రెండుసార్లు కొలిచిన కిటికీని ఇంకోసారి కొలిచి వెళ్లాడు.

అత్తయ్య వెనక గదిలో ఉంది. ఆవిడకు చూపు తగ్గింది గానీ చెవులకు ఇంకా పదహారేళ్లే. అంతా విన్నదని నాకు తెలుసు. మా ఆయన మాత్రం ఆవిడ వినలేదన్నట్టే, అన్నాల దగ్గర మెల్లగా కదిపాడు.

"అమ్మా, కమిటీ వాళ్లొచ్చి కిటికీ గురించి అడుగుతారట. నువ్వు వచ్చేటప్పటికే ఉందని ఒక్క మాట..."

"అంటే మీ నాన్న ఆ గోడ కొట్టలేదని చెప్పాలి. అంతేనా?"

"అలా కాదమ్మా."

"ఇంకెలాగరా? మీ నాన్న నాకేం పెట్టాడు? నగలు పెట్టాడా? ఊళ్లు తిప్పాడా? ఓ గోడకు కన్నం పెట్టాడు. అదీ ఆయన పెట్టలేదని నలుగురిలో నా నోటితో నన్నే చెప్పమంటావు!"

మా ఆయన కంచంలోకి తల దించుకున్నాడు. పాప ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మానేసింది.

"మూసుకోమను" అంది అత్తయ్య. "గోడే కదా. ఆయన కొట్టిన మాట నా దగ్గరుంటుంది. దాన్నెవడు మూస్తాడు?"

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. ఆవిడకు మాట మిగులుతుంది, నాకు మిగిలేది చీకటే కదా అనిపించింది. ఆ కుర్చీలో కూర్చుని నేను పాప ఫీజులు కట్టాను, ఇంట్లో సగం సరుకులు తెచ్చాను. అదీగాక ఈ ఇంట్లో నాదంటూ ఉన్న చోటు అదొక్కటే. అయినా ఆవిణ్ణి ఏమని అడగను? కుర్చీ నాది, కథ ఆవిడది. ఏది అడిగినా రెండో మనిషి బతుకులో చెయ్యి పెట్టినట్టే. కంచాలు ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆ వారమే లాయరుగారు కోటు తెచ్చారు. నల్లకోటు, వీపు మీద మేకుకు పట్టి చిరిగింది. మర్నాటికే కావాలన్నారు. బల్బు కింద కూర్చుని, కళ్లు పొడుచుకుని, దారాల పెట్టెలోంచి ఏరి ఏరి అల్లాను. బల్బు కింద బ్రహ్మాండంగా కుదిరింది. రెండో రోజు ఆయన కోటు చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డారు.

"ఏమమ్మా, ఏళ్ల తరబడి మీ దగ్గరికే వస్తున్నాను. కోర్టు వరండాలో మా గుమాస్తా నా వీపు మీద ఈగ వాలిందని రెండుసార్లు తోలాడు. తీరా చూస్తే మీ నీలం దారం!"

వీధిలోకి పట్టి చూశాను. నల్లటి బట్టలో వేలి గోరంత నీలం. సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి. ఊరికే చేసిస్తానంటే ఆయన వద్దన్నారు. "మీ ఇంటి పని అయ్యాక చూద్దాం లెండి" అని కోటు మడిచి తీసుకెళ్లిపోయారు. వెనక గదిలో అత్తయ్య మంచం కిర్రుమంది. విన్నదన్నమాట.

మర్నాడు నేను ముక్కాలిపీట తీసుకెళ్లి గడప మీద వేసుకున్నాను. ఇల్లు మొత్తానికి గోనెపట్టా లేనిది అక్కడే. పైన పరంజా మీద మేస్త్రి తాపీ ఆడిస్తుంటే నా నెత్తిన సున్నం తుంపర్లు పడుతున్నాయి. వీధిలో పోయే స్కూటర్లవాళ్లు తొంగి చూసి పోతున్నారు. పాప ఒకసారి బయటికి, ఒకసారి లోపలికి నన్ను దాటుకుంటూ పోయింది. పాలాయన నన్ను దాటుకుంటూ లోపలికెళ్లి, పాలు పోసి, దాటుకుంటూ బయటికెళ్లాడు. పైకి చూడకుండా పని చేసుకుంటున్నాను.

కాసేపటికి అత్తయ్య గోడ పట్టుకుంటూ వచ్చింది. చూపు ఆనక కాలితో గడపను వెతుక్కుంది. పాదం నా వీపుకు తగిలింది.

"ఎవరది?"

"నేనే అత్తయ్యా."

"ఇక్కడెందుకు కూర్చున్నావ్?"

"వెలుతురు ఇక్కడే ఉంది."

ఆవిడ ఓ కాలు లోపల, చెయ్యి ద్వారబంధం మీద, అలాగే నిలబడింది. పైనుంచి మేస్త్రి, "అమ్మగారూ, పక్కకు జరగండి, సున్నం పడుతుంది" అని అరిచాడు. అప్పుడు అత్తయ్య చీర కుచ్చిళ్లు కొంచెం పైకెత్తి, నా మోకాళ్లను దాటుకుని వీధిలోకి వెళ్లింది. అక్కడ ఎండలో కాసేపు నిలబడి, మళ్లీ నన్ను దాటుకునే లోపలికొచ్చింది.

కమిటీ వచ్చే రోజు ముందు గోడ మీది గోనెపట్టాలన్నీ విప్పారు. ఇన్నాళ్ల తరవాత కిటికీ రెక్కలు తెరిస్తే గదంతా కొత్త చోటులా ఉంది. నేను కుర్చీ తుడుస్తుంటే అత్తయ్య పిలిచింది.

"అమ్మాయ్, పాపను ఎదురింట్లో దింపిరా. వాళ్లు వెళ్లేదాకా అక్కడే ఉంచమను."

"ఎందుకత్తయ్యా? ఒకచోట కూర్చుంటుందిలే."

"చెప్పింది చెయ్యి."

పాపను చెయ్యి పట్టుకుని వీధి దాటిస్తుండగా నాకర్థమైంది. ఆశ పుట్టలేదని చెప్పను. దాని వెనకే ఏడుపూ వచ్చింది.

కమిటీ అంటే ముగ్గురు. అందరికంటే పెద్దావిడ, తెల్ల జుట్టు, మెళ్లో కళ్లజోడు వేలాడేసుకున్నావిడ, అధ్యక్షురాలు. మిగతా ఇద్దరూ ఆవిడ చూసిందల్లా చూస్తున్నారు. కొలతలాయన టేపు చేత్తో పట్టుకుని వెనక నిలబడ్డాడు. వాళ్లు గార చూశారు, ద్వారబంధం చూశారు, మెచ్చుకున్నారు. ఫొటో అడిగి తీసుకుని, కిటికీ దగ్గర ఆగారు.

"ఫొటోలో ఇది లేదు. ఎప్పటిది?" అంది అధ్యక్షురాలు.

కొలతలాయన నేల చూపులు చూశాడు. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. అత్తయ్య నడుచుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్లింది. అక్కడికి వెళ్లడానికి ఆవిడకు చూపక్కర్లేదు. చెయ్యి ఊచల మీద వేసింది.

"నేను కాపురానికొచ్చేటప్పటికే ఉందమ్మా" అంది.

"మీరొచ్చి ఎన్నాళ్లయింది?"

"యాభై దాటి మూడేళ్లు."

అధ్యక్షురాలు తల ఊపింది. పక్కనున్నాయన రాసుకున్నాడు. అయిపోయిందనుకున్నాను. ఆవిడ మంచి మనిషి, నిజంగానే ఆసక్తి కలిగి, ఇంకో ప్రశ్న అడిగింది.

"చక్కటి కిటికీ. చేతి పనిలా ఉంది. ఎవరు పెట్టించారో మీకేమైనా తెలుసా?"

అత్తయ్య వేళ్లు ఊచ చుట్టూ బిగుసుకున్నాయి. నేను చూడలేక తల తిప్పుకున్నాను.

"తెలీదమ్మా. ఎవరో" అంది.

వాళ్లు వెళ్లిపోతుంటే, గుమ్మం దాకా వెళ్లిన కొలతలాయన వెనక్కి వచ్చి, అత్తయ్యకు నమస్కారం పెట్టాడు. ఆవిడకు కనబడిందో లేదో తెలియదు. మెల్లగా వచ్చి, నాకిచ్చేసిన కుర్చీలో తానే కూర్చుంది. ఎండ పడినంతసేపూ ఒళ్లో చేతులు పెట్టుకుని అక్కడే ఉంది. ఆ రోజు నేను పని ముట్టుకోలేదు. వంటింట్లో నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. కిటికీ దక్కినందుకా, ఆవిడ పోగొట్టుకున్నందుకా అంటే నాకు తెలియదు. రెండూ ఒక్కసారే వచ్చాయి.

రెండో విడత వచ్చింది. మొదటి వానకు ముందే పెంకులు ఎక్కాయి. ఆ ఏడు గిన్నెలు వంటింట్లోనే ఉన్నాయి, అత్తయ్య మంచం కదల్లేదు. లాయరుగారు మొహమాటపడుతూ కోటు మళ్లీ తెచ్చారు. నలుపుకు నలుపే వేసిచ్చాను. ద్వారబంధం పక్కన ఆఫీసువాళ్లు చిన్న ఇత్తడి రేకు బిగించారు, మొదటి తరగతి గృహం అని. గ్రాంటు తీసుకున్న ఇళ్లను పదేళ్లపాటు ఎప్పుడైనా వచ్చి చూడవచ్చట, ఏ సంగతైనా అబద్ధమని తేలితే డబ్బు వెనక్కి అడగవచ్చట. అది కూడా కొలతలాయనే చెప్పాడు, గోడ వైపు తిరిగి.

మా వీధి చూడటానికి జనం రావడం మొదలైంది. ఒకమ్మాయి గొడుగు పైకెత్తి పట్టుకుని వాళ్లను నడిపించుకొచ్చేది. మా ఇంటి ముందు ఆగి, రోజూ అదే మాట చెప్పేది. "ఈ కిటికీ చూడండి. ఫొటోలో లేదు గానీ చాలా పాతది. ఎవరు పెట్టించారో మాత్రం ఎవరికీ తెలియదు." నేను ఊచల ఇవతల సూది పట్టుకుని ఉండేదాన్ని. నావైపు చూసి నవ్వితే నేనూ నవ్వేదాన్ని.

ఒకసారి పాప నా పక్కనే ఉండి ఆ మాట వింది. ఊచల్లో మొహం పెట్టి, "మాకు తెలుసు! మా తాత..." అని అరవబోయింది. అత్తయ్య ఎప్పుడు లేచిందో, ఎలా వచ్చిందో, అరచేత్తో దాని నోరు మూసేసింది. గొడుగమ్మాయి వినలేదు. జనం ముందుకు కదిలారు. అత్తయ్య చెయ్యి తీశాక పాప బిక్కమొహం వేసింది.

"నేనేం తప్పన్నాను నానమ్మా? తాతయ్యే కదా కొట్టాడు?"

కమిటీ వచ్చి వెళ్లినప్పట్నుంచీ అత్తయ్య నోట ఆ కథ రాలేదు. గ్యాసు బండతను కదిపినా, ఏదో గొణిగి తప్పించుకునేది. మాలో ఎవరికీ అడిగే ధైర్యం లేకపోయింది.

"నువ్వు మర్చిపోయావా?" అంది పాప. "నేను చెప్పనా? పాత వంతెన కొట్టుకుపోయిన ఏడు..."

"ఆగు" అంది అత్తయ్య. పాపను దగ్గరికి లాక్కుని మంచం అంచున కూర్చుంది. చాలాసేపు దాని జుట్టు నిమిరింది. తరవాత నేనున్న వైపు తల తిప్పింది.

"అమ్మాయ్, ముందు ఆ కిటికీ వెయ్యి."

సూది బట్టలో గుచ్చి లేచాను. రెక్కలు దగ్గరికి లాగి గడియ పెట్టాను. చీకట్లో అత్తయ్య గొంతు తగ్గించి మొదలుపెట్టింది.